చావు దెబ్బతో తెరిచిన డాన్సు హాలు

రిబ్బను కత్తిరించి, దీపం వెలిగించి, గుమ్మడికాయ కొట్టి, ఆ వెంటనే చావు డప్పు వాయించిన ప్రారంభోత్సవం మీలో ఎవరైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, ఆ హాలుకు ఇన్‌ఛార్జిని నేనే. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ సాయంత్రం గుర్తొస్తే ఇప్పటికీ గుండె గతుక్కుమంటుంది.

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "మీ రోజుల్లో వెల్ఫేర్ సెక్షన్లో పనేం ఉండేది ఆంటీ, హాయిగా గడిచిపోయేది కదా" అంటుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. కూర్చోండి అని చెప్పి, టీ ఇచ్చి, ఈ కథ మొదలుపెడతాను. సగందాకా పడీపడీ నవ్వుతారు. తర్వాత టీ చల్లారిపోతుంది.

ఎనభైల మొదట్లో మాట. విశాఖపట్నంలో ఓడల సరుకు ఎగుమతి దిగుమతుల మీద బతికే ఒక సంస్థలో నేను వెల్ఫేర్ అసిస్టెంటుని. అటు స్టీలు ప్లాంటు పనులు మొదలై ఊళ్ళోకి ఎక్కడెక్కడి జనమో దిగుతున్నారు. మా కాలనీలో పొద్దున ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి ఇనుప ఖనిజం దుమ్ముకి ఎర్రబడేది. ఆ కాలనీ మధ్యలో ఎవరికీ అక్కర్లేని రేకుల హాలు ఒకటి ఉండేది. దాన్ని చూసి మా పెద్ద అధికారికి ఆలోచన వచ్చింది.

ఆయన ఉత్తరాది మనిషి. చాలా మంచివాడు. మంచి అధికారులంటేనే నాకు భయం, వాళ్ళకి ఉన్నట్టుండి ఆలోచనలు వస్తుంటాయి. ఆ హాల్లో డాన్సు సెంటరు పెట్టాలన్నాడు. పిల్లలకే కాదు, ఆడవాళ్ళకి, రేవులో సరుకు మోసి రిటైరైన కళాసీలకి, పనిలో కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్ళకి, అందరికీ. "ఒకే హాలు, ఒకే డాన్సు, వయసుతో పని లేదు" అని బల్ల గుద్ది చెప్పాడు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ రోజుల్లో మా కాలనీకి తెలిసిన డాన్సులు రెండే. ఒకటి డబ్బున్నవాళ్ళ పిల్లలు నేర్చుకునేది, రెండోది జాతరల్లో రికార్డింగ్ డాన్సు. మొదటిది మనకి అందదు, రెండోదాని పేరు ఇంట్లో ఎత్తకూడదు.

మా ఇంట్లో అయితే అసలు డాన్సు అన్న మాటే పాపం. మాది బాప్టిస్టు కుటుంబం. నాకు డాన్సు సెంటరు అప్పగించారని చెబితే మా అమ్మ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "చర్చిలో చప్పట్లు కూడా మెల్లగా కొట్టే పిల్లవి, నీకెందుకిచ్చారే?" అంది. మా సెక్షన్లో ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి ఇచ్చారు, అంతకుమించి నాలో ఏ అర్హతా లేదు.

అర్హత ఉన్న మనిషి వేరే ఉంది. విజయనగరంలో చిన్నప్పుడు పద్ధతిగా నాట్యం నేర్చుకున్నావిడ. భర్త మా సంస్థలోనే ఓడల్లోంచి సరుకు ఎత్తి దించే వించి డ్రైవరు. సరుకు దించుతుండగా జరిగిన ప్రమాదంలో పోయాడు, అప్పటికి ఏడాది కూడా తిరగలేదు. ఆవిడని తాత్కాలికంగా డాన్సు టీచరుగా వేశారు. సెంటరు నిలబడితే ఉద్యోగం ఖాయం, భర్త పేరున ఉన్న క్వార్టరు ఆవిడ పేరు మీదికి వస్తుంది. సెంటరు మూతపడితే కూతుర్ని వెంటబెట్టుకుని క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అత్తవారు రమ్మనలేదు, పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. "మొగుడు పోయినామె గజ్జెలు కట్టుకుంటాదట" అని కుళాయిల దగ్గర అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడ విననట్టే బిందె ఎత్తుకుని వెళ్ళిపోయేది. నన్ను అక్కా అని పిలిచేది.

ఇక డప్పు సంగతి. ఒకరోజు మధ్యాహ్నం మా ఆఫీసు ముందు రోడ్డు మీదుగా డప్పులు వెళుతున్నాయి. పెద్ద అధికారి మేడమీద కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాడు. ప్రహరీ గోడ అవతల ఎగురుతున్న చేతులు, పైకి విసురుతున్న పూలు, చిందులేస్తున్న జనం మాత్రం కనబడ్డారు. వెనకాల ఏముందో చూసేలోపు ఫోను మోగింది, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఫోన్లో మాట్లాడుతూనే బల్ల మీద వేళ్ళతో ఆ డప్పు దెబ్బ వాయించాడట. సంతకాల ఫైలు పట్టుకుని ఎదురుగా మా హెడ్ క్లర్కు నిలబడి ఉన్నాడు.

"పెళ్ళి ఊరేగింపా?" అని అడిగాడు అధికారి.

"అలాంటిదే సార్" అన్నాడు మా హెడ్ క్లర్కు.

ఆ "అలాంటిదే" అన్న మాట మా ఆఫీసుల్లో ఎన్ని కొంపలు ముంచిందో మీకు తెలీదు. సంతకం పడేదాకా పెద్దాయనకి కాదు అని చెప్పకూడదన్నది మా హెడ్ క్లర్కు సర్వీసంతా పాటించిన సూత్రం. "అయితే ఓపెనింగు రోజు ఇదే వాయించాలి, వాళ్ళనే పిలిపించండి" అన్నాడు అధికారి. "అలాగే సార్" అన్నాడు ఈయన. నాకు మాత్రం "డప్పులోలని మాటాడీసినాను, నువ్వు గుమ్మడికాయ చూసుకో" అని చెప్పాడు.

ప్రారంభోత్సవానికి కాలనీ అంతా వచ్చింది. ఆడవాళ్ళు పట్టుచీరల్లో, పిల్లలు జడగంటలతో. అధికారి భార్య దీపం వెలిగించింది. బోర్డు మీద గుడ్డ తీశారు, "అన్ని వయసుల వారికీ, అందరికీ" అని నేను దగ్గరుండి రాయించిన అక్షరాలు. డప్పులు అందుకున్నాయి. ఆ తర్వాత టీచరు నాట్యం చెయ్యాలి. గజ్జెలు కట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది.

మొదట నాకేమీ అర్థం కాలేదు. డప్పు డప్పులాగే ఉంది. కానీ నా ముందు కుర్చీల్లో కూర్చున్న రిటైరైన కళాసీలు ఒక్కసారిగా లేచి, చెప్పులు విడిచి, పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఒకాయన చేతులు జోడించి గుమ్మం వైపు చూస్తున్నాడు, ఎవరిదో పాడె వస్తుందని. కొబ్బరికాయ కొట్టబోతున్నామె చెయ్యి గాల్లో ఆగిపోయింది. వెనక నుంచి ఒక గొంతు గట్టిగా వినబడింది, "ఓలమ్మో, ఇది సావు దెబ్బ కాదేటి!"

తల్లులు పిల్లల రెక్కలు పట్టుకుని ఈడ్చుకుపోయారు. కుర్చీలు పడిపోతున్నాయి. ఈ గందరగోళం మధ్య మా అధికారి రెండు చేతులూ పైకెత్తి, భుజాలు ఎగరేస్తూ, ఆ డప్పుల ముందు డాన్సు చేస్తున్నాడు! భార్యని కూడా లాగాడు. జనం ఎందుకు పరుగెడుతున్నారో ఆయనకి తెలీదు, డాన్సంటే సిగ్గుపడుతున్నారనుకుని "రండి, రండి" అని పిలుస్తున్నాడు. నా జన్మలో అంత ఘోరం మళ్ళీ చూడలేదు.

తల తిప్పి చూస్తే టీచరు నేల మీద కూర్చుని గజ్జెలు విప్పుకుంటోంది. ముడి ఎంతకీ ఊడి రావడం లేదు. ఆ దెబ్బ ఆవిడ గుమ్మం ముందు మోగి ఏడాది కాలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. నేను పరుగెత్తుకెళ్ళి డప్పుల ముందు అడ్డంగా నిలబడి ఆపించాను.

పెద్ద డప్పాయన నొచ్చుకున్నాడు. "మేమొద్దని సెప్పినామమ్మా. శుభమా అని పిలిసి ఈ దెబ్బేటండి అన్నాం. సారు ఆర్డరు, అదే కొట్టండి అన్నారు ఆ బాబుగారు" అని హెడ్ క్లర్కు ఉన్నచోటు చూపించాడు. అక్కడ ఎవరూ లేరు.

ఆ సాయంత్రం కాలనీలో మైల అంటుకుందని ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకున్నారు. నీళ్ళ ట్యాంకు అడుగంటిపోయింది. నేను ఇంటికెళ్ళి చెబితే మా అమ్మ మంచం మీద కూలబడింది. "ఆ డప్పు కింద పెట్టి చర్చికొచ్చిన వంశమే మనది. నువ్వు దాన్ని రిబ్బను కట్టి మరీ పిలిపించావా?" అంది. మా తాతల సంగతి అమ్మ నోట వినడం నాకు అదే మొదలు. నేను దానికీ బిత్తరపోయాను. ఒక్కరోజులో మనిషి ఎన్నిసార్లు బిత్తరపోవాలో దానికీ హద్దుండాలి.

తర్వాత ఎవరూ రాలేదు. అసలెవరూ. చావు డప్పుతో తెరిచిన హాలు, అందులో భర్త పోయిన టీచరు. మా పిల్లని పంపుతామా అన్నారు. టీచరు మాత్రం రోజూ సాయంత్రం వచ్చి, హాలు ఊడ్చి, చాపలు పరిచి, గోడకి ఆనుకుని కూర్చునేది. గజ్జెల మూట విప్పేది కాదు. ఒకసారి ఉండబట్టలేక, "మీరైనా కాస్త ప్రాక్టీసు చెయ్యండి" అన్నాను.

"కాలు ఎత్తితే ఆ దెబ్బే వినిపిస్తోందక్కా" అంది.

అధికారికి విసుగొచ్చింది. మీ జనానికి డాన్సంటే ఇష్టం లేదని తేల్చాడు. నెలాఖరుకి హాలు పేకాట క్లబ్బుకి ఇచ్చేస్తామన్నాడు. అసలు సంగతి చెబుదామని నేను లేస్తే హెడ్ క్లర్కు కళ్ళతోనే బతిమాలాడు. చెప్పినా చెప్పకపోయినా జనం రారు, ఇక ఆయన్నెందుకు బలిపెట్టడం అని కూర్చున్నాను. టీచరు క్వార్టర్లో అటక మీది సామాన్లు కిందికి దించడం మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చింది చేపల ముసలమ్మ. జాలరిపేట నుంచి నెత్తిన తట్టతో కాలనీకి రోజూ వచ్చే మనిషి. నోరు పెద్దది, బేరం ఇంకా పెద్దది. మొగుడు, ఇద్దరు కొడుకులు సముద్రం మీద పోయారని అందరికీ తెలుసు, తను మాత్రం ఎప్పుడూ ఆ ఊసు ఎత్తేది కాదు. ఎండకి ఆగలేక మా వరండాలో తట్ట దింపి, లోపలికి తొంగిచూసింది.

"ఏటమ్మా, ఇంతేసి హాలెట్టుకుని ఇద్దరూ గోడకి బల్లుల్లాగ అతుక్కుపోనారేటి?"

నేను జరిగింది చెప్పాను. చెబుతుంటే ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి, తర్వాత నవ్వు మొదలైంది. పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. "ఆ పెద్దసారు సావు దెబ్బకి పెల్లాంతో ఎగిరినాడేటి! ఓలమ్మా, నాను సూడకపోతినే!" టీచరు మొహం తిప్పుకుంది. ముసలమ్మ అది చూసి నవ్వు ఆపేసింది. కాసేపు ఆవిడ వంకే చూసింది.

"ఆ బోర్డు మీద ఏటి రాసినారు?" అని నన్నడిగింది.

"అన్ని వయసుల వారికీ, అందరికీ అని."

"సేపలమ్ముకునే ముసిల్దానికీనా?"

"అందరికీ అంటే అందరికీనే."

"అయితే ఎల్లుండి సందకాడ వత్తాను. ఆ డప్పులోలనే పిలిపించు" అని తట్ట ఎత్తుకుంది. ఏదో దిష్టి తీయిస్తుందేమో, శాంతి చేయిస్తుందేమో అనుకున్నాను. ఏమైనా కానీ, ఇంతకంటే చెడేదేముంది అని డప్పులవాళ్ళకి కబురు పెట్టాను.

ఆవిడ వస్తానన్న సాయంత్రమే అధికారి క్లబ్బువాళ్ళని వెంటబెట్టుకుని హాలు చూపించడానికి వచ్చాడు. బల్లలు ఎక్కడ వెయ్యాలో కొలుస్తున్నారు. హెడ్ క్లర్కు టేపు పట్టుకున్నాడు. టీచరు చాపలు చుట్టి మూల పెడుతోంది. అప్పుడు ముసలమ్మ వచ్చింది. తలంటుకుని, ఉతికిన నేత చీర కట్టుకుని, నెరిసిన ముడిలో ఇంతేసి కనకాంబరాల దండ పెట్టుకుని. వెనకాల పేట ఆడవాళ్ళు ఓ గుంపు. మొగుడు పోయి అన్నేళ్ళయిన మనిషి తలలో పూలు చూసి కాలనీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చారు.

ఆవిడ హాలు మధ్యలో నిలబడి డప్పాయనతో అంది, "మొన్న కొట్టిన దెబ్బే కొట్టు. నా సావు దెబ్బ."

డప్పాయన రెండడుగులు వెనక్కి వేశాడు. "తప్పు ముసిలమ్మా. బతికున్నోలకి కొట్టకూడదు."

"సచ్చినాక కొడితే నాకినబడతాదేటి? పేటంతా ఆడతారు, నా మనవలాడతారు, సారా తాగి ఊరోలాడతారు. నానొక్కదాన్నీ ఏ ఆటా నేకండా పడుకుని ఉండాల? నా దెబ్బకి నానే ఆడుకుంటాను. కొట్టు!"

ఎవరైనా ఆవిడని ఆపుతారేమో అనుకున్నాను, ఎవరికీ కాలు కదల్లేదు. డప్పాయన ఆవిడ మొహంలోకి చూసి, డప్పు వేడి సరిచూసుకుని, నెమ్మదిగా అందుకున్నాడు.

ముసలమ్మ ఆడింది. ఏం ఆట అని చెప్పను! పళ్ళు లేని నోటితో నవ్వుతూ, నడుం మీద ఒక చెయ్యి, గాల్లో ఒక చెయ్యి, తనని తానే పిలుచుకుంటూ, "రాయే, రాయే" అంటూ. పేట ఆడవాళ్ళు చప్పట్లందుకున్నారు. ఒంటికాలి మీద కర్రతో నడిచే పాత కళాసీ ఒకాయన కర్ర చప్పుడు చేస్తూ వచ్చి పక్కన చేరాడు. అతన్ని చూసి మరో ఇద్దరు వచ్చారు. చావంటే హడలిపోయి తలంట్లు పోసుకున్న కాలనీ నోరు తెరుచుకుని గుమ్మాల్లో నిలబడింది. ఇది అపచారమో ఏమిటో తేల్చుకోవడం ఎవరి వల్లా కాలేదు.

అధికారి ఆనందానికి హద్దులేదు. "చూశారా, నేను చెప్పలేదా! ఇంతకీ దీన్ని ఏమంటారు?" అని హెడ్ క్లర్కుని అడిగాడు. పాపం ఆయన అప్పటికే చెమటలో తడిసి ఉన్నాడు. సర్వీసులో మొదటిసారి కాదన్న మాట ఆయన నోట వచ్చింది. "పెళ్ళిది కాదు సార్. శవం ముందు కొట్టేది సార్" అన్నాడు. అధికారి మొహం పాలిపోయింది. తన రెండు చేతులూ ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయాడు.

ముసలమ్మ ఆడుతూ ఆడుతూ మూలకి వెళ్ళి టీచరు చెయ్యి పట్టుకుంది. "రా తల్లీ. ఇది నీ మొగుడిది కాదు, నాది. బయపడకు."

టీచరు బిగుసుకుపోయింది. ఆవిడ చెయ్యి విడిపించుకుంటుందనే అనుకున్నాను. విడిపించుకోలేదు. గజ్జెలు లేకుండా, కొంగు బిగించి, మొదట ఒక్క అడుగు మాత్రం వేసింది. తర్వాత రెండో కాలు. నేర్చుకున్న నాట్యం కాదది, కాళ్ళు వాటంతటవే నేలని తన్నాయి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఎంతసేపో ఆడారు ఇద్దరూ.

డప్పాయన ఆపబోయాడు. అప్పుడు టీచరు గట్టిగా అరిచింది. ఆవిడ గొంతు అంత గట్టిగా నేను ముందెప్పుడూ వినలేదు.

"ఆపొద్దు బాబూ! ఆ రోజు మీరు వీధి మలుపు తిరిగాక నాకేమీ వినబడలేదు. నన్ను గుమ్మం దాటనివ్వలేదు. ఆ తర్వాత ఏం కొడతారో అది కొట్టండి."

డప్పాయన చెయ్యి డప్పు మీదే ఆగింది. "అది కాటి కాడ కొట్టేదమ్మా. ఆడోలు ఎవులూ ఇన్నారు కాదు."

"కొట్టండి. నేను వింటాను."

ముసలమ్మ ఆట ఆపి పక్కకి జరిగింది. డప్పులవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. జోరు తగ్గించి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెంచుతూ, ఆఖరికి విడివిడిగా కొట్టారు. టీచరు ఒక్కో దెబ్బకీ ఒక్కో అడుగు వేసింది. తర్వాతి దెబ్బ ఎంతకీ పడలేదు. అదే చివరిదని అప్పుడు తెలిసింది మాకు. ఆ కాలనీలో మగవాళ్ళు ఎన్నోసార్లు విన్నది మా ఆడవాళ్ళెవరమూ అంతకుముందు వినలేదు. గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్ళలో సగం మంది ఏడుస్తున్నారు. తలా ఒక మనిషిని ఆ మలుపు దాకా పంపినవాళ్ళే కదా.

హెడ్ క్లర్కు టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు. క్లబ్బువాళ్ళు ఎప్పుడు వెళ్ళిపోయారో నేను గమనించలేదు. కుళాయి దగ్గర గుసగుసలాడిన మనిషే ముందుకొచ్చి, తల వంచుకుని, "టీచరమ్మా, మా పిల్లని ఎన్నింటికి పంపమంటారు?" అని అడిగింది.

"పిల్లనొక్కదాన్నే కాదు, మీరూ రండి" అంది టీచరు.

అందరూ వెళ్ళాక తలుపులు వేస్తూ నాతో అంది, "ఆయన్ని అందరూ సాగనంపారక్కా, నేను తప్ప. ఇవాళ నేనూ పంపాను." తాళం కప్ప చేతిలో పట్టుకుని భోరుమని ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. చీర చెంగుతో మొహం తుడుచుకుని, రేపు ఇంతమందీ వస్తే ఉన్న చాపలు సరిపోవు, ఎవరినడుగుదాం అంది.